నా 415 వోల్టుల తెలివి

మోటారుకు కరెంటు కలిపి తెంపేది కాంటాక్టర్. దాని కాయిల్‌కు రెండు స్క్రూలుంటాయి. ఒకదాని పక్కన ఏ1 అని, ఇంకోదాని పక్కన ఏ2 అని అచ్చు కొట్టి ఉంటుంది. ఆ ఏ2ను యాడికి కలపాల అన్న ఒక్క సంగతిలో నేను చూపించిన తెలివిని పోయినవారం దాకా ఎవరికీ పూర్తిగా చెప్పుకోలేదు. మా చౌడేపల్లెలో కొంతమందికి కొంత తెలుసు. వాళ్ళకు తెలిసిన కథలో తప్పు కాంటాక్టర్‌ది. ఆ కథ కట్టింది కూడా నేనే.

డిప్లొమా అయినాక మా పక్క కుర్రాళ్ళందరి మాదిరే నేనూ బెంగళూరు బస్సెక్కినాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లోళ్ళకు హైదరాబాదు పేపర్లో కనిపించే ఊరు. పొద్దున పోయి రాత్రికి ఇంటికి రాగలిగేది బెంగళూరే. పీణ్యాలో ఒక ప్యానల్ బోర్డుల కంపెనీలో వైర్‌మన్‌గా చేరి, డ్రాయింగులు గీసే దాకా వచ్చినాను. అక్కడి బోర్డుల్లో చాలామటుకు యూరప్‌కు పోయే మిషన్లవి. వాటికి ఐఈసీ 60204-1 ప్రకారమే వైరింగ్ జరగాల. మిషన్ల మీద ఉండే కరెంటు సామాను ఎట్లుండాలో మొదటి స్క్రూ నుంచి చివరి లేబుల్ దాకా చెప్పే ప్రమాణం అది. దాని 2016 కూర్పునే మన బీఐఎస్ 2019లో ఐఎస్ 16504 మొదటి భాగంగా తీసుకుంది. అంటే అది దొరల సొత్తేమీ కాదు, మనది కూడా. నేను మాత్రం దొరల చాదస్తమనే అనుకున్నాను.

అక్కడ ప్రతి బోర్డులోనూ ఒక చిన్న కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. 415 వోల్టులు లోపలికి, 110 బయటికి. బయటికొచ్చే రెండు కొసల్లో ఒకదాన్ని ఎర్తుకు కలిపేవాళ్ళం. కాయిళ్ళన్నిటి ఏ2లూ ఆ ఎర్తయిన కొసకు నేరుగా పోవాల, మధ్యలో ఒక్క స్విచ్చి కూడా ఉండకూడదు. స్టార్టు, స్టాపు, ఎమర్జెన్సీ బటన్లన్నీ రెండో కొస వైపు, ఏ1కు ముందర. ఓవర్‌లోడ్ రిలే కాంటాక్టుకు మాత్రం, కాయిల్‌తో పాటు అదే పెట్టెలో దగ్గర్లోనే ఉంటే, సడలింపు ఉంది. ఆ ఎర్తు లింకు నా చేతులతో ఎన్నిసార్లు బిగించినానో లెక్కలేదు. ఎందుకిట్లా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన దాన్ని చూసి తల ఊపేవాడు. ఆయన తల ఊపితే బిల్లు పాసయ్యేది. లింకు ఉన్నది అందుకేనని నా లెక్క.

పెళ్ళయినాక ఊరికొచ్చి అంగడి పెట్టినాను. మా పక్క కరెంటు పనంటే బోరు పనే. వెయ్యి అడుగులు దించినా కొన్నిచోట్ల దుమ్మే లేచే నేల ఇది. త్రీఫేజు కరెంటు రైతు నిద్ర చూసుకుని రాదు కాబట్టి స్టార్టర్‌కు ‘ఆటో’ అని ఒక చిన్న పెట్టె తగిలిస్తారు. కరెంటు వచ్చిన కాసేపటికి దానంతట అదే మోటారు ఎక్కిస్తుంది. రాత్రిపూట పాములు తిరిగే గట్ల మీద నడిచిపోయి బటన్ నొక్కే బాధ తప్పించిన పెట్టె అది, దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, నీళ్ళు వృథా పోతాయని అక్కడి ప్రభుత్వం ఈ ఆటోలను పీకేయమని రైతులను బతిమాలుకుంది. బోరు విషయంలో జరిగే నష్టం ఆ నీళ్ళు, అందరి మోటార్లూ ఒకేసారి ఎక్కితే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే బరువు. బోరు మోటారు వందల అడుగుల లోతులో ఉంటుంది. దాని నోట్లో చెయ్యి పెట్టేవాడు ఎవడూ లేడు.

గానుగ నోరు మాత్రం భూమి మీదే ఉంటుంది.

పుంగనూరు దోవలో నాకు మామ వరసయ్యే ఒకాయన బెల్లం గానుగ వేసినాడు. చెరుకు తోటలు తగ్గిపోతున్న రోజుల్లో అదొక మొండి ధైర్యం. మూడు రోలర్ల క్రషరు, దానికి 15 హార్స్‌పవర్ మోటారు, తొట్టిలోని రసాన్ని పెనానికి ఎత్తే చిన్న పంపు. “అల్లుడా, బెంగళూరులో చేసొచ్చినోడివి, బోర్డు మాత్రం ఆడ మాదిరి ఉండాల. రేటు ఈడ మాదిరి ఉండాల” అన్నాడు. నేను రేటు ఈడ మాదిరే వేసినాను. బోర్డు కూడా ఈడ మాదిరే చేసినాను. పెయింటు ఒక్కటే ఆడ మాదిరి.

మొదట ఎగిరిపోయింది ట్రాన్స్‌ఫార్మర్. ఆ ప్రమాణంలోనే ఒక సడలింపు ఉంది: ఒకే మోటారు స్టార్టరు, మహా అయితే రెండు కంట్రోల్ సాధనాలు ఉండే మిషనుకు ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి కాదు. పుస్తకం మొత్తం మర్చిపోయిన నాకు ఈ ముక్క ఒక్కటి కంఠతా వచ్చు. ఇక్కడ మోటార్లు రెండు, బటన్లు దోసెడు. ఆ సంగతి నాకు అడ్డం రాలేదు. 110 కాయిల్ బదులు 415 కాయిల్ పెట్టినాను. బటన్లన్నీ దాటుకుని ఆర్ ఫేజు ఏ1కు, నేరుగా వై ఫేజు ఏ2కు. మన ఊర్లలో పంపు స్టార్టర్లు ఇట్లనే కదా నడుస్తున్నాయి, ఎవరు చచ్చినారు అన్నది నా వాదన. వాదన ఎవరితోనంటే నాతోనే. అడిగినవాళ్ళు ఎవరూ లేరు.

తాళం వేసుకునే ఐసొలేటర్ ఎందుకు, మామ దగ్గర పిడి ఉన్న పాత ఇనుప మెయిన్ స్విచ్చి ఉందిగా అన్నాను. ఎర్తుకు కరెంటు కారితే తెంపేసే ఆర్‌సీసీబీ పెడితే చెమ్మకు ఊరికే పడిపోతాదని మానేసినాను. ఎర్తింగు సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. గుంత తవ్వించి, బొగ్గూ ఉప్పూ పోయించి, రోజూ కాసిని నీళ్ళు పోస్తుండమని చెప్పినాను. తాగే నీళ్ళకు ట్యాంకరు పిలుచుకునే చోట ఎర్తు గుంతకు ఎవరు పోస్తారు? ఆ సంగతి చెప్పే నాకూ తెలుసు, వినే ఆయనకూ తెలుసు. మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తు కనెక్షన్లు ఉండాలని 1956 నాటి విద్యుత్ నిబంధనల కాలం నుంచీ ఉంది. నేను రెండు తీగలూ లాగినాను. రెండింటినీ తీసుకుపోయి ఒకే గుంతలో కలిపినాను.

ఒక్కచోట మాత్రం పిసినారితనం చెయ్యలేదు. అది ఎమర్జెన్సీ బటన్. చూసేవాళ్ళ కంటికి కనపడేది అదే మరి. పసుపు పలక మీద ఎర్ర పుట్టగొడుగు బటన్, చెరుకు పెట్టే చోట ఒకటి, పెనం వైపు ఇంకొకటి. కొడితే లోపలికి పోయి అక్కడే ఉండిపోయే అసలు సిసలు రకం. రెండూ స్టాపు బటన్‌తో పాటు ఒకే తీగలో వరసగా కలిపినాను. ప్రారంభం రోజు టెంకాయ కొట్టినాక నేనే ఆ బటన్ కొట్టి చూపించినాను. గానుగ టక్కున ఆగింది. అందరూ చప్పట్లు కొట్టినారు.

తనిఖీకి ఎవరూ రారని కూడా నాకు తెలుసు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పుట్టినప్పటి లెక్కలో, కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్ళు ఉంటేనే అది కార్ఖానా. నూర్చే మిషన్లలో రైతుకూలీల చేతులు పోయి పోయి 1983లో ప్రమాదకర యంత్రాల చట్టమని ఒకటి వచ్చింది. 2024 ఆగస్టు 28న కేంద్ర భారీ పరిశ్రమల శాఖ మిషన్ల భద్రతకు ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చి, తర్వాత దాని అమలును వాయిదా వేసింది. ఢిల్లీలో జరిగే ఇవన్నీ మా షెడ్డు రేకుల దాకా దిగిరావడానికి చాలా దూరం ఉంది. షెడ్డులో ప్రమాణం తెలిసిన మనిషంటూ ఉంటే అది నేనొక్కడినే. ఉండీ ఏం లాభం!

మామ ఆటో కూడా పెట్టమన్నాడు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరు పోయి నొక్కుతారని ఆయన బాధ. కరెంటు తిరిగి రావడంతో మిషను దానంతట అది కదిలి మనుషులకు ప్రమాదం తెచ్చేట్టుంటే, అట్లా కదలకుండా చూడాలని ఆ ప్రమాణంలో నిక్కచ్చిగా ఉంది. అది తెలిసీ పెట్టినాను. బోర్లకు పెట్టి పెట్టి చెయ్యి అట్లా అలవాటు పడిపోయింది.

ఆ గానుగలో బెల్లం వండే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. రోలర్లలో పిప్పి ఇరుక్కుంటే తీసే పని కూడా ఆయనదే. తీసే ముందర ప్రతిసారీ మెయిన్ స్విచ్చి దగ్గరికి నడిచిపోయి, పిడి కిందికి లాగి, మూత తెరిచి, మూడు ఫ్యూజు క్యారియర్లూ పెరికి చొక్కా జేబులో వేసుకునేవాడు. పింగాణీ సామాను కాబట్టి నడుస్తుంటే జేబులో గలగలమనేవి. పిప్పి తీసి, చేతులు కడుక్కుని, తీరిగ్గా వచ్చి మళ్ళీ పెట్టేవాడు. అందాక మామ పళ్ళు నూరుకుంటూ ఉండాల్సిందే.

“ఏం తాతా, నా బోర్డు మీద నమ్మకం లేదా? స్టాపు నొక్కితే చాలు కదా” అంటే, “నీ మీద ఉంది నాయనా, కరెంటు మీదే లేదు” అన్నాడు.

నేను నవ్వినాను. పీణ్యాలో పాత స్నేహితులకు ఫోను చేసి మరీ చెప్పి నవ్వించినాను. మెయిన్ సప్లయి తెంపి, తాళం వేసి, ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టేలా ఉండాలన్న ప్రమాణాన్ని ఆ ముసలాయన ఒక్క పేజీ చదవకుండా పాటిస్తున్నాడు. తాళం పెట్టుకునే వీలు నేను ఇయ్యలేదు కాబట్టి ఫ్యూజులే జేబులో వేసుకుంటున్నాడు. ఇది నాకు అప్పుడు తట్టలేదు. కొన్నాళ్ళకు, చెరుకు ఆడుతుండగా కరెంటు పోయి, ఎవరూ నొక్కకుండానే రోలర్లు మళ్ళీ తిరగడం కళ్ళారా చూసి ఆయనే ఆటో పెట్టె పీకించినాడు. నేను పోయినప్పుడు దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, “ఇది బోరుకు పెట్టుకో నాయనా, ఈడొద్దు” అన్నాడు. అదృష్టం కొద్దీ ఆ పూట రోలర్ల దగ్గర ఎవరి చెయ్యీ లేదు.

సంక్రాంతి పోయినాక, గానుగ రాత్రింబగళ్ళు ఆడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఫోను వచ్చింది. చెరుకు పెట్టే కుర్రోడి భుజం మీది తువ్వాలు కొస చెరుకుతో పాటు రోలర్ల మధ్యకు పోయింది. వాడు తువ్వాలు వదిలేసి వెనక్కి పడినాడు. అందుకే ఈ సంగతి నేను ఇట్లా తీరిగ్గా రాసుకోగలుగుతున్నాను. పక్కనున్న ఆమె ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టింది. గానుగ ఆగలేదు. పెనం వైపు బటన్ ఇంకొకరు కొట్టినారు. ఆగలేదు. పెద్దాయన పోయి మెయిన్ స్విచ్చి పిడి లాగితే ఆగింది.

మర్నాడు పొద్దున్నే పోయినాను. మిషన్ ఎక్కించి స్టాపు నొక్కినాను, ఆగింది. ఒక ఎర్ర బటన్ కొట్టినాను, ఆగింది. రెండోది కొట్టినాను, అదీ ఆగింది. మామ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. “నువ్వు పెట్టిన ఎర్ర బటన్ ఉత్త బొమ్మనా అల్లుడా?” అన్నాడు. నేను గొంతు సవరించుకుని, ఈ పక్క వోల్టేజీ బాగాలేక కాంటాక్టర్ పాయింట్లు కరిగి అతుక్కుపోయినాయని తీర్పు చెప్పినాను. ఆడలేక మద్దెల ఓడు. కొత్త కాంటాక్టర్ వేసినాను, దానికి బిల్లు కూడా రాసినాను. మామ లెక్కపెట్టి ఇచ్చినాడు.

పాతదాన్ని అంగడికి తెచ్చి విప్పి చూసినాను. పాయింట్లు ఆరింటికి ఆరూ వెండి రంగులో శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా కరిగిన మచ్చ లేదు. చూసినాను, మూత బిగించేసినాను. నా మూర్ఖత్వం ఏదని ఎవరైనా అడిగితే ఆ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి తర్వాత, ముందు ఈ మూత బిగించిన సంగతి చెప్పాల.

కొన్నాళ్ళకే మళ్ళీ అదే తంతు. ఈసారి ఎవరి తువ్వాలూ పోలేదు, పని ముగించి ఆపబోతే ఆగలేదంతే. నేను కూడా ఈసారి పొద్దున పోలేదు, సాయంత్రం గానుగ ఆడుతుండగా పోయినాను. బోర్డు తలుపు తెరిచి, మీటరు కడ్డీలు ఏ1, ఏ2 మీద ఆనించి, స్టాపు నొక్కమన్నాను. స్టాపు నొక్కితే అక్కడ సున్నా రావాల. మీటరు 220 పైన చూపించింది. కాంటాక్టర్ గుర్రుమంటూ పట్టుకునే ఉంది.

మెయిన్ ఆపి, చెరుకు పెట్టే చోటి బటన్ల డబ్బా విప్పినాను. వైరు లోపలికి పోయే రంధ్రం డబ్బా నెత్తిన పెట్టినాను, వైరు చుట్టూ సందు మూసే గ్లాండు కూడా వెయ్యలేదు, నల్ల టేపు చుట్టి వదిలేసినాను. ఆ సందులోంచి రసం తుంపర్లు దిగినాయి. వాటి వెంబడి పిప్పి నలుసులు, వాటి వెంబడి చీమలు. బతికున్న చీమలు, చచ్చిన చీమలు, కాయిల్‌కు పోయే తీగ స్క్రూ నుంచి డబ్బా ఇనుము దాకా బెల్లప్పాకం రంగులో ఒక పొర. వేలు పెడితే తీగలా సాగింది. రాత్రి గానుగ ఆపినాక అది ఎండుకుంటుంది, పొద్దున నేనొచ్చి నొక్కితే అన్నీ సక్రమం. సాయంత్రానికి రసం చింది మళ్ళీ తడుస్తుంది.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేసినాను. ఆ పొర రెండువేల ఓములు అనుకుందాం. మిషన్ నడిచేటప్పుడు దాని గుండా ఎర్తుకు కారేది 120 మిల్లీయాంపులు. ఫ్యూజుకు అది దోమ కుట్టినట్టు కూడా కాదు. నా ఎర్తు గుంత దరిద్రంగానే ఉన్నా ఆ కాస్త కరెంటుకు బాడీని పట్టుకున్నవాళ్ళకు షాకు తెలియలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. వద్దనుకున్న ఆర్‌సీసీబీ ఉండుంటే మొదటి రోజే పడిపోయి నోరు తెరిచి చెప్పేది. ఇప్పుడు స్టాపు నొక్కినారు. ఆర్ ఫేజు తెగింది. ఏ2 దగ్గర వై ఫేజు మాత్రం అట్లనే ఉంది. ఏ1 ఆ పాకం పొర మీదుగా ఎర్తుకు తగులుకుని ఉంది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 240. కాయిల్‌కు కావలసింది ఇరవై ముప్పై మిల్లీయాంపులే, దానికి ఆ పొర పెద్ద అడ్డమేమీ కాదు. అంటే 415 కాయిల్‌కు 58 శాతానికి కాస్త అటూఇటూగా అందుతోంది. కాంటాక్టర్ కొత్తగా ఎక్కాలంటే 85 శాతం వోల్టేజీ చాలాలి. ఎక్కినాక వదలడానికి లెక్క వేరు. 75 శాతానికీ 20 శాతానికీ మధ్య ఎక్కడో ఒకచోట వదిలితే చాలునని కాంటాక్టర్ల ప్రమాణమే ఒప్పుకుంటుంది. 58 ఆ నడుమే ఉంది. పాపం కాంటాక్టర్ తనకు చెప్పిన పనే చేసింది. అది ఆగకపోవడానికి, ఎర్ర బటన్లు రెండయినా పదయినా పనికిరాకపోవడానికి, నేను ఏ2కు తగిలించిన వై ఫేజే కారణం.

అదే పీణ్యా పద్ధతిలో ఏ2 ఎర్తులో ఉండుంటే? స్టాపు నొక్కగానే ఏ1 పాకం ద్వారా ఎర్తులో, ఏ2 లింకు ద్వారా ఎర్తులో. రెండు కొసలూ ఒకచోటే, మధ్య వోల్టేజీ లేదు, కాంటాక్టర్ వదిలేస్తుంది. పాకం ఇంకా చిక్కగా చేరితే ఫ్యూజు కొట్టేస్తుంది, అప్పుడూ గానుగ ఆగుతుంది. నేను తల ఊపించుకోవడానికి బిగించిన లింకు పని అది. అన్నేళ్ళు బిగించిన చెయ్యి నాదే. ఆ కాగితం ముందర కూర్చుని చాలాసేపు లేవలేదు. మా ఆవిడ అన్నానికి పిలిచి పిలిచి తానే తినేసింది.

మామకు నిజం చెప్పినానా? లేదు. బెంగళూరు పోయి ఎస్పీ రోడ్డులో ట్రాన్స్‌ఫార్మరు, 110 కాయిళ్ళు, గ్లాండ్లు, తాళం పడే ఐసొలేటరు, ఒక ఆర్‌సీసీబీ కొనుక్కొచ్చి, కంపెనీ వాళ్ళు కొత్త మోడల్ ఊరికే ఇచ్చినారని చెప్పి బిగించినాను. డబ్బా నెత్తిన ఉన్న రంధ్రం మూసి, కింది నుంచి వైరు తెచ్చినాను. రెండో ఎర్తు గుంత తవ్వించినాను. కాంటాక్టర్ బిల్లు డబ్బులు వెనక్కి ఇస్తే మొత్తం బయటపడుతుందని, ఆయన మనవరాలి పుట్టినరోజుకు వెండి పట్టీలు తీసుకుపోయినాను. “ఏమి అల్లుడా, ఉన్నట్టుండి ఇంత ప్రేమ” అన్నాడు. పెద్దాయన మాత్రం ఐసొలేటర్ పిడి పైకీ కిందికీ నాలుగుసార్లు ఆడించి చూసి, “ఇది ముందే పెట్టి ఉండచ్చు కదా నాయనా” అన్నాడు. అప్పుడు దొరకలేదన్నాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకుని పోయినాడు.

అసలు బరువు తర్వాత తెలిసింది. ఊరికొచ్చినప్పటి నుంచి నేను ఇదే తెలివితో చేసిన బోర్డులు ఇంకా ఉన్నాయి: పిండి మర, చెనక్కాయలు వలిచే మిషను, పశువులకు గడ్డి కత్తిరించే చాఫ్ కట్టర్లు. వాటిలో ఒక్కొక్కదాని దగ్గరికీ పోతున్నాను, సర్వీసింగని చెప్పి. చాలామంది ఊరికే చేస్తానంటే సంతోషంగానే ఒప్పుకున్నారు. పిండి మర ఆయన టీ తాగించి, ఇంకో రెండు ఫ్యాన్లు కూడా రిపేరు చేయించుకున్నాడు.

చాఫ్ కట్టర్లలో ఒకటి మాత్రం లొంగడం లేదు. దాని యజమాని, “బాగా నడుస్తాండే దాన్ని కెలకొద్దబ్బా, నువ్వు కెలికినాక నిలిచిపోతే నా ఆవులకు నువ్వు మేత కోసుకొస్తావా” అంటాడు. భయపెడదామని చూస్తే, ఇన్నాళ్ళు ఏమీ కాలేదుగా అంటాడు. అది నా వాదనే, నేను ఆయనకు ఏమని చెప్పేది? నిజం చెప్పేద్దామని పోయినవారం గట్టిగా అనుకుని పోయినాను. ఎర్తు, ఏ2, పాకం, చీమలు, మామ గానుగ, కాంటాక్టర్ బిల్లు అన్నీ చెప్పినాను, ఏదీ దాచలేదు. అంతా విని, “అయితే అప్పుడు నా దగ్గర తీసుకున్న దుడ్లు దేనికబ్బా?” అన్నాడు. తలుపు ఇంకా తెరవనివ్వలేదు, దుడ్ల లెక్క మాత్రం మొదలుపెట్టినాడు.